పిల్ల ఖర్చు ఎవరి ఖాతాలో రాయాలి?

"ఇంతకీ నీకు నెలకి ఎంత మిగులుతుందమ్మా?"

ఈ ప్రశ్న నన్ను అడగనివాళ్ళు మా ఇంట్లో లేరు, వీధిలో లేరు, బంధువుల్లో లేరు. అత్తయ్య అడుగుతుంది, ఆడపడుచు అడుగుతుంది, పై వాటాలో ఉండే పిన్నిగారు అడుగుతారు, మా అమ్మ ఫోన్లో అడుగుతుంది. అందరూ ప్రేమగానే అడుగుతారు. "నీ జీతమంతా ఆటోలకీ డే కేర్‌కీ పోతోంది కదా, ఎందుకీ తిప్పలు? మానేసి హాయిగా పిల్లని చూసుకోరాదూ?" అంటారు. మా ఆయన్ని మాత్రం ఈ ప్రశ్న ఎవరూ, ఎప్పుడూ అడగలేదు. మూడేళ్ళ మా పాప మా ఇద్దరికీ పుట్టిన పిల్లే. అయినా ఆయన జీతంలోంచి పిల్ల ఖర్చు తీసేసి ఎంత మిగులుతోందో చూడాలన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు.

నేను ఈ ఉద్యోగం మానెయ్యాలా వద్దా అని ఏడాదిగా ఆలోచిస్తున్నాను. ఈ ఏడాదిలో నాకు అర్థమైందేమిటంటే, ఈ ప్రశ్నని నా ముందు పెట్టిన తీరులోనే మోసం ఉంది. ఆ మోసం గురించే ఈ వ్యాసం.

ముందు నా ఉద్యోగం సంగతి చెప్తాను. నేను గుంటూరులో ఉంటాను. నరసరావుపేట వెళ్ళే దారిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో బి.కాం. పిల్లలకి అకౌంటెన్సీ చెప్తాను. పార్ట్‌టైమ్ లెక్చరర్ని. క్లాసుకి 200 రూపాయలు. రోజుకి మూడు క్లాసులు. కాలేజీ 22 రోజులు నడిచిన నెలలో 13,200 వస్తుంది. దసరా, సంక్రాంతి సెలవులు వచ్చిన నెలలో తొమ్మిది వేలు వస్తే గొప్ప. ఎండాకాలం సెలవుల్లో సున్నా. "రీయింబర్స్‌మెంట్ రాలేదమ్మా, వచ్చాక చూద్దాం" అన్నప్పుడు రెండేసి నెలలు సున్నా.

నిరుడు వేసవిలో ఒక ఆదివారం మా ఆయన కాగితం తీసుకుని లెక్క రాశాడు. పైన 13,200 వేశాడు. కింద డే కేర్ 6,500, ఇంటి నుంచి డే కేర్‌కీ అక్కణ్ణించి బస్టాండుకీ ఆటోలు 1,800, బస్సు 1,600, అంట్లూ బట్టలూ చూసే పనిమనిషికి 2,000. మొత్తం 11,900. మిగిలింది 1,300. "చూశావా, పదమూడు వందల కోసం ఇంత నలిగిపోతున్నావు" అన్నాడు. నిజంగానే జాలిపడి అన్నాడు. ఆయన దుర్మార్గుడేం కాదు. కూడికలూ తీసివేతలూ కూడా సరిగ్గానే ఉన్నాయి. తప్పల్లా కాగితం పై భాగంలో ఉంది. అక్కడ నా పేరు మాత్రమే రాసి ఉంది.

మొదటి సంవత్సరం పిల్లలకి నేను చెప్పే మొదటి పాఠం ఇది: ఖర్చు ఎంతయిందన్నది తర్వాత, అది ఎవరి ఖర్చో ముందు తేల్చండి. యజమాని ఇంటి అద్దె తీసుకెళ్ళి దుకాణం ఖాతాలో రాశారనుకోండి, బ్రహ్మాండంగా నడిచే దుకాణం కూడా నష్టాల్లో ఉన్నట్టు కనబడుతుంది. లెక్క చూసినవాళ్ళు మూసెయ్యమని సలహా ఇస్తారు. లెక్కలో అంకెలన్నీ నిజమే, సలహా మాత్రం అబద్ధం. పరీక్షలో ఇలా రాస్తే నేను సున్నా వేస్తాను. మా ఇళ్ళల్లో మాత్రం ఈ లెక్కకే నూటికి నూరు మార్కులు.

మా ఆయన ఒక ఫైనాన్స్ కంపెనీలో పనిచేస్తాడు. జీతం 38,000. ఆ డే కేర్ ఫీజు ఆయన జీతంలోంచి తీసేస్తే 31,500 మిగులుతుంది. అప్పుడు ఎవరైనా "పాపం, ఆయన జీతం డే కేర్‌కే పోతోంది" అంటారా? సగం సగం రాస్తే చెరి 3,250. 1932 నాటి భాగస్వామ్య చట్టం నేను ఏటా పాఠం చెప్తాను. భాగస్వాముల మధ్య వేరే ఒప్పందం ఏదీ లేకపోతే లాభనష్టాలు సమానంగా పంచుకోవాలని అందులో ఉంది. కిరాణా కొట్టు పెట్టుకున్న ఇద్దరికి ఉన్న ఈ పాటి న్యాయం పిల్లని కన్న ఇద్దరికి లేదు. పెళ్ళికి ముందు పిల్లల ఖర్చు నా జీతంలోంచే పోవాలని మేం ఏ ఒప్పందమూ రాసుకోలేదు. ఎవరో మా కోసం ముందే రాసిపెట్టారు. మేం అడుగుపెట్టింది ఆ రాతలోకి.

డబ్బు ఒక్కటే అలా రాసి లేదు, కాలం కూడా అంతే. జాతీయ కాలవినియోగ సర్వే 2019లో చెప్పిన అంకెలు ఇవి: మన దేశంలో జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు దాని మీద రోజుకి సగటున 299 నిమిషాలు ఖర్చు పెడుతున్నారు. ఆ పని చేసే మగవాళ్ళు 97 నిమిషాలు. అసలు ఆ రోజు ఇంటిపని ముట్టుకున్న మగవాళ్ళు నూటికి 26 మందే. 2024లో మళ్ళీ సర్వే చేశారు. ఆడవాళ్ళవి 289 నిమిషాలయ్యాయి. పది నిమిషాలు తగ్గిందని సంబరపడేలోపు పక్క గడి చూడాలి. మగవాళ్ళవీ 97 నుంచి 88కి తగ్గాయి. అంటే మనకి తగ్గిన ఆ పది నిమిషాల పనీ వాళ్ళు అందుకున్నది కాదు.

డే కేర్ వాళ్ళ దరఖాస్తులో "తల్లి ఫోన్ నంబరు" మొదటి గడి, "తండ్రి ఫోన్ నంబరు" రెండో గడి. పిల్లకి జ్వరం వచ్చినా, విరేచనాలైనా, డైపర్లు అయిపోయినా మొదటి గడికే ఫోను వస్తుంది. మా ఆయన ఆఫీసు డే కేర్‌కి రెండు వీధుల అవతల. నా కాలేజీ గంట ప్రయాణం. అయినా ఇన్నాళ్ళలో రెండో గడికి ఒక్క ఫోనూ వెళ్ళలేదు. క్లాసు మధ్యలో వదిలి వస్తే నా 200 పోతాయి. ఆయన పర్మిషన్ పెట్టుకుని వస్తే ఆయనకి ఒక్క రూపాయి పోదు. దీన్ని ఏ లెక్కల మాస్టారు సమర్థిస్తాడో చెప్పండి.

ఇక "పార్ట్‌టైమ్" అన్న మాట సంగతి. నా మూడు క్లాసులు తొమ్మిదిన్నరకి ఒకటి, పదకొండున్నరకి ఒకటి, మధ్యాహ్నం రెండున్నరకి ఒకటి. మధ్యలో గంటలు నావి కావు. ఆ ఖాళీలో, రాని పిల్లల ఇళ్ళకి ఫోన్లు చెయ్యాలి, హాజరు పట్టీలు నింపాలి, ఎవరైనా లెక్చరర్ రాకపోతే ఆ క్లాసులో కూర్చోవాలి. ఇంటర్నల్ పరీక్షల ఇన్విజిలేషన్‌కి పైసా రాదు. పేపర్లు ఇంటికి తెచ్చుకుని పిల్ల నిద్రపోయాక దిద్దాలి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా జీతం లేదు గాని పని ఉంది. ఇంటర్ పాసైన పిల్లల ఇళ్ళ చుట్టూ తిరిగి అడ్మిషన్లు తేవాలి. మనిషికి పది అని టార్గెట్. పిల్లని చంకనేసుకుని ఎండలో ఊళ్ళు తిరిగాను. నా ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ బీరువాలో ఉన్నాయి. కాబట్టి పార్ట్‌టైమ్ అన్నది నా పనికి పేరు కాదు, జీతానికి పేరు. పని మాత్రం ఫుల్‌టైమే.

యూజీసీ 2019 జనవరిలో గెస్ట్ ఫ్యాకల్టీకి క్లాసుకి 1,500 రూపాయలు, నెలకి 50,000 మించకుండా ఇవ్వాలని మార్గదర్శకాలు ఇచ్చింది. అలా అయితే నా 66 క్లాసులకి నెలకి 50,000 రావాలి. ఈ సంగతి ఒకసారి స్టాఫ్ రూములో అంటే, "అవి యూనివర్సిటీలకమ్మా" అని ఒకాయన నవ్వేశాడు. ఆ నవ్వు గుర్తుపెట్టుకోండి. నెలకి 13,200 ఎంత తక్కువో ఎవరూ అడగరు. అందులోంచి ఎంత మిగులుతుందనే అందరూ అడుగుతారు. నాకు జీతం ఇచ్చేవాడు 200 ఇచ్చి చేతులు దులుపుకుంటే, ఆ లోటుకి జవాబు చెప్పాల్సింది నా పిల్ల అయింది! పిల్ల వల్ల నాకు గిట్టుబాటు కావడంలేదట. క్లాసుకి 200 ఇస్తే పిల్లలు లేనిదానికి మాత్రం ఏం గిట్టుబాటవుతుంది?

వోచర్ మీద మా చేత సంతకం పెట్టించుకునేటప్పుడు అందులో "గౌరవ వేతనం" అని రాసి ఉంటుంది. తెలుగులో నాకు ఇంతకన్నా అసహ్యమైన మాట లేదు. వేతనం ఎగ్గొట్టిన చోటల్లా గౌరవం తెచ్చి అంటిస్తారు. అంగన్‌వాడీ అక్కలకీ ఇదే మాట. 1975లో ఐసీడీఎస్ మొదలైన దగ్గర్నించీ వాళ్ళు ఉద్యోగులు కారు, గౌరవ కార్యకర్తలు. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో వాళ్ళు సమ్మెకి దిగేనాటికి వర్కరుకి 11,500, ఆయాకి 7,000. 42 రోజులు రోడ్ల మీద కూర్చున్నారు. 2024 జనవరిలో వాళ్ళ మీద ఎస్మా ప్రయోగించారు. జీతం అడిగితే మీది స్వచ్ఛంద సేవ, సమ్మె చేస్తే అత్యవసర సేవ! గ్రాట్యుటీ కోసం కూడా సుప్రీంకోర్టు దాకా వెళ్ళాల్సొచ్చింది, 2022లో గాని తీర్పు రాలేదు. పిల్లల్ని చూసుకునే పని ఎవరు చేసినా, తల్లి చేసినా, ఆయా చేసినా, అంగన్‌వాడీ కార్యకర్త చేసినా, దాన్ని పని అనకుండా ఉండటానికి మన సమాజం ఎన్ని మాటలు పుట్టించిందో! మమత, సేవ, త్యాగం, గౌరవం. ఒక్క "కూలి" అన్న మాట తప్ప అన్నీ ఉన్నాయి.

ఈ లెక్కని మార్చలేమని నన్ను నమ్మించబోయేవాళ్ళకి ఒక్క ఉదాహరణ చూపిస్తాను. 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీ శక్తి పథకం వచ్చింది. తెలంగాణలో 2023 డిసెంబరులోనే ఆర్టీసీ బస్సులో ఆడవాళ్ళకి టికెట్ తీసేశారు. ఆ రోజు నుంచి మా ఆయన కాగితంలో 1,600 గీత చెరిగిపోయింది. నాకు మిగిలేది 1,300 నుంచి 2,900 అయింది. నేను ఎక్కువ క్లాసులు చెప్పలేదు, పిల్లని తక్కువ ప్రేమించలేదు, మా ఆయన మారలేదు. ఒక ప్రభుత్వ ఉత్తర్వు వచ్చింది, అంతే. నా సొంత సమస్య, నా ఇంటి సమస్య, నేనే తేల్చుకోవాల్సిన సమస్య అని ఇన్నాళ్ళూ చెప్పినదాంట్లో ఒక గీత తెల్లారేసరికి ప్రభుత్వం చేతుల్లో మాయమైంది. బస్సు గీత చెరపగలిగినవాళ్ళు డే కేర్ గీత ఎందుకు చెరపలేరు? ఆడవాళ్ళు ఉచితంగా బస్సెక్కి ఎక్కడికి తిరుగుతున్నారని వెటకారాలు పోయేవాళ్ళకి కూడా ఇదే నా జవాబు. నేను క్లాసుకి 200 తెచ్చుకునే చోటికి తిరుగుతున్నాను.

చట్టం లేదా అంటే ఉంది. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి సెలవు 26 వారాలు చేశారు. 50 మంది, అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే చోట క్రెష్ ఉండాలన్నారు. తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి బిడ్డని చూసుకోవచ్చన్నారు. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఆ 50 అలాగే ఉంది. మా కాలేజీలో రిజిస్టర్ మీద ఉన్నవాళ్ళు 40 దాటరు. మిగతా మేమంతా వోచర్ల మీద ఉన్నాం. క్లాసులు చెప్పడానికి ఉంటాం, లెక్కపెట్టడానికి ఉండం. సెలవు సంగతీ అంతే. నేను కడుపుతో ఉన్నప్పుడు పనిచేసిన కాలేజీలో "రెస్టు తీసుకోమ్మా, వచ్చాక చూద్దాం" అన్నారు. ఆ 26 వారాల్లో నాకు ఒక్క వారం జీతం కూడా రాలేదు. పైగా సెలవు జీతం భారమంతా యజమాని మీదే పెట్టారు, ప్రభుత్వం తన వంతు వెయ్యలేదు. ఇక యజమాని ఏం చేస్తాడు? పెళ్ళయి ఏడాదైన అమ్మాయి ఇంటర్వ్యూకి వస్తే "పిల్లలున్నారా?" అని అడుగుతాడు. అబ్బాయిని అడగడు. చట్టం కూడా పిల్లల్ని ఆడవాళ్ళ ఖాతాలోనే రాసింది మరి. తండ్రికి కూడా తీసుకోక తప్పని సెలవు ఉంటే ఆ ప్రశ్న ఇద్దర్నీ అడగాల్సొచ్చేది, లేదా ఇద్దర్నీ మానుకోవాల్సొచ్చేది.

"మీ అత్తగారు ఇంట్లోనే ఉన్నారుగా, ఆవిడ చూడొచ్చుగా" అని ఓదార్చేవాళ్ళకి కూడా ఒక మాట చెప్పాలి. మా అత్తయ్యకి అరవై నాలుగేళ్ళు. మోకాళ్ళు అరిగిపోయాయి. "ముగ్గురు పిల్లల్ని ఒంటిచేత్తో పెంచాను, ఇంకా పెంచాలా?" అంది ఒకసారి. నాకు కోపం రాలేదు. ఆవిడ అన్నది నేనంటున్న మాటే. ఒక ఆడదాని జీతం నిలబడాలంటే ఇంకో ముసలి ఆడదాని మోకాళ్ళు అరగాలా? అదే ఇంట్లో మావయ్యగారు ఉన్నారు. రిటైరై, రోజూ పొద్దున్నే నాలుగు కిలోమీటర్లు నడిచొచ్చి, పేపరు రెండుసార్లు చదివి, సాయంత్రం పార్కుకి వెళ్ళే మనిషి. "మీ మావగారు చూడొచ్చుగా" అని ఇంతవరకూ ఏ ఒక్కరూ అనలేదు.

"నువ్వు ఇంట్లో ఉంటే డే కేర్ డబ్బులూ పనిమనిషి డబ్బులూ మిగులుతాయి" అంటారు. సరే, మిగులుతాయి. 8,500 మిగులుతాయి. అవి ఎక్కణ్ణించి వచ్చాయి? నేను రోజంతా చేసిన పనిలోంచి వచ్చాయి. మరి ఆ 8,500 నా పేరున జమ అవుతాయా? అవ్వవు. అవి "మిగులు" అయిపోతాయి, మిగులంతా ఇంటిదైపోతుంది. నేను ఉద్యోగం చేస్తే ఆ ఖర్చు నాది, మానేస్తే ఆ పొదుపు అందరిదీ!

ఇల్లాలి పనికి విలువ కట్టే చోటు ఈ దేశంలో లేదని కాదు. ఉంది, ప్రమాద నష్టపరిహారం కోర్టుల్లో ఉంది. 2001లో లతా వాధ్వా కేసులో సుప్రీంకోర్టు గృహిణుల సేవలకి నెలకి 3,000 లెక్కకట్టింది. 2021 జనవరిలో కీర్తి కేసులో జస్టిస్ ఎన్.వి. రమణ ఇంటిపని గురించి విడిగా వివరంగా రాశారు. ఆ 299 నిమిషాలూ 97 నిమిషాలూ ఆ తీర్పులో ఉన్నాయి. చాలా మంచి తీర్పు. కాని ఆ విలువ అందుకోవాలంటే ముందు మనం ఏ లారీ కిందో పడి చచ్చిపోవాలి. బతికుండగా "మీ ఆవిడ ఏం చేస్తుంది?" అంటే "ఏం చెయ్యదండీ, ఇంట్లోనే ఉంటుంది" అంటారు.

ఇంతవరకూ ఇంటివాళ్ళతో పోట్లాడాను. ఇప్పుడు మనవాళ్ళతో కూడా కొంచెం పోట్లాడాలి.

నేను మానేద్దామనుకుంటున్నానంటే స్త్రీవాద సభల్లో పరిచయమైన ఒక పెద్దావిడ కంగారుపడింది. "వద్దమ్మా, ఆర్థిక స్వాతంత్ర్యం పోగొట్టుకోకు. ఎంత చిన్న ఉద్యోగమైనా పట్టుకో. మా తరం ఎంత కొట్లాడి సంపాదించుకున్నాం!" అంది. ఆవిడంటే నాకు గౌరవం. నీలిమేఘాలు చదువుకుని పెరిగినదాన్ని నేను. కాని ఆవిడ చేసింది ఎయిడెడ్ కాలేజీలో పర్మనెంట్ ఉద్యోగం. ప్రసూతి సెలవు ఉంది, ఇంక్రిమెంట్ ఉంది, ఇప్పుడు పెన్షన్ ఉంది. ఆ కుర్చీలు మా కోసం ఎవరూ ఉంచలేదు. ఏళ్ళ తరబడి ఆ పోస్టులు నింపలేదు. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎయిడెడ్ సిబ్బందిని వెనక్కి ఇచ్చెయ్యమని యాజమాన్యాలను అడిగింది. ఆ ఖాళీల్లోనే నాలాంటి వాళ్ళం వోచర్ల మీద నిలబడ్డాం. "ఉద్యోగం" అన్న మాట ఒకటే గాని, ఆవిడ పట్టుకున్న కొమ్మ వేరు, నేను పట్టుకున్న పుల్ల వేరు. పుల్ల పట్టుకుని వేలాడటాన్ని స్వాతంత్ర్యం అంటే ఆ పుల్ల యజమానికే లాభం. ఆడవాళ్ళకి బయటికి రావాలన్న ఆశ ఉందని, ఇంట్లో ఊపిరాడదని, 200కైనా వస్తారని వాడికి బాగా తెలుసు. మన విముక్తి కోరిక మీద కూడా వాడు తగ్గింపు ధర వసూలు చేస్తున్నాడు.

అలాగని ఆ 2,900 నాకు చిన్నవి కావు. అందులోంచి రెండు వేలు నెలనెలా మా అమ్మకి పంపుతాను. ఎవర్నీ అడక్కుండా, ఎందుకో చెప్పకుండా పంపుతాను. అవి పంపేటప్పుడు నా మెడ కాస్త నిటారుగా ఉంటుంది. మా కాలేజీకి వచ్చే ఆడపిల్లలు చాలామంది కూలిపనులు చేసుకునే ఇళ్ళనించి వస్తారు. బ్యాలెన్స్ షీటు రెండు వైపులా సరిపోయినప్పుడు వాళ్ళ మొహాల్లో వెలుగు నేను ఇంట్లో ఎక్కడా చూడను. ఇవన్నీ మా ఆయన కాగితంలో ఏ వైపు రాయాలి? అకౌంటెన్సీలో రాయలేనిది లేనట్టే అనుకోవడం కూడా మూర్ఖత్వమే.

ఇంకో మాట. మానాలా వద్దా అని ఏడాదిపాటు ఆలోచించగలగడమే ఒక సౌకర్యం. మన దళిత, బహుజన స్త్రీవాదులు చాలాకాలంగా చెప్తున్న సంగతే ఇది. మా ఇంట్లో అంట్లు తోమే అక్కకి ఈ ప్రశ్న లేదు, మానితే పొయ్యి వెలగదు. డే కేర్‌లో పద్నాలుగు మంది పిల్లల్ని ఎత్తుకునే ఆయా జీతం ఐదు వేలు. ఆమె కొడుకు ఊళ్ళో అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నాడు. నెలకోసారి చూసొస్తుంది. నాకు మిగిలే 2,900 ఆ అమ్మాయికి దక్కని జీతంలోంచే మిగులుతోంది. డే కేర్ ఫీజు ఎక్కువైపోయిందని నేను గొణిగినప్పుడల్లా, ఆ ఫీజు నిజంగా ఆయాకి సరైన జీతం ఇచ్చేంత ఉండాలంటే నా జీతం మొత్తం పోసినా చాలదని తెలుసు. అందుకే డే కేర్ చవగ్గా కావాలన్నది నా డిమాండ్ కాదు. క్లాసుకి 200 వచ్చే తల్లీ, నెలకి ఐదు వేలు వచ్చే ఆయా ఒకరి గొంతు ఒకరు పట్టుకునేలా చేసే లెక్క నాకొద్దు. ఆయా జీతం ప్రభుత్వమూ యజమానీ పెట్టుకోవాలి. పనిమనిషి అక్క కొడుకూ నా కూతురూ ఒకే చోట, ఆమె పని వేళలకీ నా పని వేళలకీ సరిపోయేలా ఉండే క్రెష్ ప్రతి వార్డులో కావాలి. కేంద్రం పాత క్రెష్ పథకానికి 2022లో పాల్నా అని కొత్త పేరు పెట్టింది. మా వార్డులో ఆ ఉయ్యాల ఎక్కడుందో నేనింకా చూడలేదు.

సరే, ఇంతకీ నువ్వేం చేస్తావు అంటారా? నేను ఈ ఉద్యోగం మానేస్తున్నాను. ఈ సెమిస్టరు పేపర్లు దిద్ది ఇచ్చేసి మానేస్తాను. అత్తయ్య చెప్పిన కారణానికీ కాదు, మా ఆయన కాగితం చూసీ కాదు. పిల్ల కోసం అసలే కాదు. మా పాపకి డే కేర్ అంటే ఇష్టం. అక్కడ దానికి నలుగురు స్నేహితులున్నారు, నాకు అంతమంది లేరు. నా పనికి ఇచ్చే ధర దొంగ ధర కాబట్టి మానేస్తున్నాను.

కాని మానేసేముందు ఇంట్లో ఒక కొత్త కాగితం రాశాను. ఈసారి పైన ఇద్దరి పేర్లూ ఉన్నాయి. నేను మానేస్తాను గాని డే కేర్ మానదు. పాప రోజూ అక్కడికే వెళ్తుంది. ఆ వేళల్లో నేను ఏపీసెట్‌కి చదువుకుంటాను. ఫీజు 6,500 ఆయన జీతంలోంచి పోతుంది. నేను మళ్ళీ సంపాదించడం మొదలుపెట్టిన రోజు నుంచి జీతాల నిష్పత్తిలో పంచుకుంటాం. మా అమ్మకి పంపే రెండు వేలు ఆగవు. డే కేర్ దరఖాస్తులో మొదటి గడిలో ఆయన నంబరు ఉంటుంది. మా ఆయన ఆ కాగితం చాలాసేపు చూశాడు. "సంపాదన లేకుండా డే కేర్ ఎందుకు?" అన్నాడు. "సంపాదన ఉన్న నువ్వు ఇంట్లో ఎందుకు లేవు?" అన్నాను. ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నాం. తేలికగా తేలే వ్యవహారం కాదని నాకూ తెలుసు. సంతకం ఇంకా పెట్టలేదు. పెట్టేదాకా నేను కాలేజీలో కాగితం ఇవ్వను.

ఆ రాజీనామా కాగితం గురించి ఒక మాట. మా కాలేజీలో మానేసిన ఆడ లెక్చరర్ల రాజీనామాలు కొన్ని నేను చూశాను. అన్నిట్లోనూ ఒకే వాక్యం, "వ్యక్తిగత కారణాల వల్ల". టైపు చేసి ఉంచిన నమూనా అది, పేరూ తేదీ మార్చుకుంటే చాలు. ఇంతమంది ఆడవాళ్ళకి ఒకే వ్యక్తిగత కారణం ఎలా ఉంటుందో! నేను ఆ నమూనా వాడను. క్లాసుకి 200 చాలదని, ఎండాకాలం చేయించుకున్న పనికి జీతం ఇవ్వలేదని, క్రెష్ లేదని, వోచర్ మీద పెట్టి లెక్కలోంచి తప్పించారని వరసగా రాస్తాను. రాస్తే సర్టిఫికెట్లు ఇవ్వడానికి తిప్పుతారని తోటివాళ్ళు భయపెడుతున్నారు. తిప్పనివ్వండి. బస్సు ఎలాగూ ఉచితమే.

మీలో ఎవరైనా రేపో ఎల్లుండో ఇలాంటి కాగితం రాయబోతుంటే, మానేసినా, మానకపోయినా, ఆ ఒక్క వాక్యం మాత్రం రాయకండి. మన కారణాలు వ్యక్తిగతం కావు.